పోదనపురం బాహుబలి, లండను స్క్రూజు



చార్లెస్ డికెన్స్ వ్రాసిన ‘ఎ క్రిస్మస్ కారల్’ అనే చిన్న నవల 1843 డిసెంబరు 19న లండనులో వెలువడింది. తెలుగు పండితుడనైన నేను దానిని ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, మనవరాలి పుస్తకాల పుణ్యమా అని చదివాను. చదువుతున్నంతసేపూ నా మనస్సు థేమ్స్ తీరాన నిలువక మా బోధన్ చుట్టూనే తిరిగింది. అందుకు కారణం బాహుబలి.

బౌద్ధ వాఙ్మయం పేర్కొన్న షోడశ మహాజనపదాలలో అశ్మకం ఒకటి. దాని రాజధాని పోదనమే నేటి బోధన్ అని చరిత్రకారులు పలువురు భావిస్తారు. ఆదినాథుని కుమారుడు బాహుబలి ఏలిన నగరం తక్షశిల అని శ్వేతాంబర జైనులూ, పోదనపురమని దిగంబరులూ చెబుతారు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు 941లో కన్నడంలో ‘ఆదిపురాణం’ రచించి ఈ కథను చెప్పాడు. అతనికి ఆధారం 9వ శతాబ్దికి చెందిన జినసేనాచార్యుల సంస్కృత గ్రంథం.

కథ తెలిసినదే. చక్రవర్తి కాగోరిన భరతునికి తమ్ముడు బాహుబలి తలవంచలేదు. సైన్యాలు నశించకుండా అన్నదమ్ములిద్దరే దృష్టియుద్ధం, జలయుద్ధం, మల్లయుద్ధం చేశారు. మూడింటా బాహుబలిదే గెలుపు. పైకెత్తిన అన్నను నేలకు కొట్టక దించివేశాడు. అవమానం పాలైన భరతుడు చక్రాన్ని ప్రయోగించగా అది బాహుబలిని తాకలేదు. రాజ్యం కోసం అన్న ఇంతకు దిగజారాడే అని విరక్తి చెంది, గెలిచిన రాజ్యాన్ని విడిచి, బాహుబలి అడవికి వెళ్ళాడు.

మనం సాధారణంగా ఇక్కడే కథ ముగిస్తాము. జినసేనుడు ముగించలేదు. ఏడాదిపాటు నిలువుకాళ్ళ తపస్సు. పుట్టలు లేచాయి, తీగలు ఒడలంతా అల్లుకున్నాయి. అయినా కేవలజ్ఞానం కలుగలేదు. ‘నా వలన అన్న నొచ్చుకున్నాడు’ అన్న ముల్లు ఒకటి లోపల మిగిలిపోయింది. భరతుడు స్వయంగా వచ్చి పూజించిన తరువాతనే ఆ ముల్లు తొలగింది.

ఇక స్క్రూజు. చచ్చిన భాగస్వామి మార్లే, డబ్బుపెట్టెలూ లెక్కల పుస్తకాలూ గుచ్చిన గొలుసు ఈడ్చుకుంటూ వచ్చి హెచ్చరిస్తాడు. భూత వర్తమాన భవిష్యత్తుల ఆత్మలు మూడూ అతని బ్రతుకును అతనికే చూపిస్తాయి. తెల్లవారేసరికి మనిషి మారిపోయాడు. గుమాస్తా ఇంటికి పెద్ద టర్కీకోడిని పంపాడు. అదంతా సులభమే. మేనల్లుడు ఫ్రెడ్ ఇంటికి విందుకు వెళ్ళడం మాత్రం సులభం కాలేదు. తలుపు తట్టే ధైర్యం చాలక ఆ గుమ్మం ముందు పన్నెండుమార్లు అటూ ఇటూ తిరిగాడని డికెన్స్ వ్రాశాడు. నన్ను పట్టుకున్నవి మూడు ఆత్మలు కావు, ఆ పన్నెండు నడకలు. పరివర్తన ఒంటరిగా, పడకగదిలోనో అడవిలోనో కలుగవచ్చు. ప్రాయశ్చిత్తం మాత్రం నొచ్చిన మనిషి ఎదురుపడనిదే పూర్తి కాదని రెండు కథలూ నాకు చెప్పాయి.

నాకూ ఒక గుమ్మం ఉన్నది. ఉద్యోగం తొలినాళ్ళలో, చెరకు గానుగాడే కాలంలో, ఒక పిల్లవాడు పదిరోజులు బడికి రాలేదు. వచ్చిననాడు కారణం అడుగక బెత్తంతో కొట్టాను, తరగతి ముందు సోమరి అన్నాను. మరునాటినుంచి వాడు బడికి రాలేదు. తండ్రి జబ్బుపడితే ఫ్యాక్టరీకి చెరకు బండి తోలుకుపోయి, రాత్రంతా తూకం కోసం వరుసలో కూర్చున్నాడని తరువాత తెలిసింది. డికెన్స్ సైతం తండ్రి అప్పుల జైలులో ఉండగా పన్నెండేళ్ళ వయస్సులో, 1824లో, బూటుపాలిష్ కార్ఖానాలో పనిచేసినవాడే.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ బండ్ల వరుసలు ఇప్పుడు లేవు. నా బెత్తం మాత్రం నా జ్ఞాపకంలో ఉన్నది. మొన్నటి శీతాకాలంలో అతని వీధి మలుపు వరకు మూడుమార్లు వెళ్ళి వెనుదిరిగాను. నాలుగవమారు తలుపు తట్టాను. తల నెరసిన మనిషి తీశాడు. క్షణకాలం చూసి, “సారా! లోపలికి రాండ్రి” అన్నాడు.

నేను చెప్పవలసినది చెప్పాను. అతడు నేల చూస్తూ విన్నాడు, ఏమీ అనలేదు. చాయ్ తెప్పించాడు. క్షమించాడా అని నేను అడుగలేదు. అది అతనిష్టం.

స్వస్తి.