రాక్ సంగీతము - శాఖోపశాఖలు

పెద్దల చెవికి రాక్ సంగీతమంతయు ఒకే రొదగ తోచును. ఇంటిలోని యువకులకు అట్లు కాదు. ఫోక్ రాక్, హెవీ మెటల్, పంక్, గ్రంజ్ అను వాని నడుమ భేదము వారికి కీర్తనకును జావళికిని గల భేదమంత స్పష్టము. ఒక మనుష్యుని జీవితకాలములోనే ఒక సంగీతము ఇన్ని కొమ్మలు వేయుట ఆశ్చర్యకరము. ఆ కొమ్మలు ఎట్లు పుట్టెను, వానికి పేర్లు ఎవరు పెట్టిరి, ఆ పేర్ల చాటున ఎవరు మరుగుపడిరి అను ప్రశ్నలు సంగీత చరిత్రకే కాక సంఘ చరిత్రకును సంబంధించినవి.

ఈ వృక్షమునకు వేరు అమెరికా దక్షిణ రాష్ట్రములలో నున్నది. ప్రత్తి చేలలో పాటుపడిన నల్లజాతి కూలీల పాటలు, వారి చర్చిలలోని భక్తిగీతములు, బ్లూస్ అను విషాద గీతములు దీనికి మూలము. పన్నెండు ఆవర్తములు, మూడు స్వర సమ్మేళనములు: బ్లూస్ యొక్క సామాన్య రూపము ఇంతే. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున లక్షలాది నల్లవారు పని వెదకుకొనుచు ఉత్తర నగరములకు తరలిరి. 1943లో మిసిసిపీ నుండి షికాగో చేరిన మడ్డీ వాటర్స్ అట్టివారిలో నొకడు. ఆ నగరపు మద్యశాలల సందడిలో మామూలు గిటారు వినబడదు. కావున అతడు ఎలెక్ట్రిక్ గిటారు చేపట్టెను. చర్చి గాయని సిస్టర్ రొసెట్టా థార్ప్ అంతకుముందే ఆ వాద్యముతో భక్తిగీతములకు కొత్త వేగము కల్పించి, 1945 నాటికే రికార్డుల పట్టికలో స్థానము సంపాదించెను.

అయితే ఆ పట్టిక వేరు. నల్లవారి రికార్డులను వ్యాపారులు ‘జాతి రికార్డులు’ అను పేర అమ్ముచుండిరి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు మార్చి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని వ్యవహరించెను. 1951 నుండి క్లీవ్‌లాండు రేడియోలో ఎలన్ ఫ్రీడ్ అను వ్యాఖ్యాత ఆ రికార్డులనే వినిపించుచు ‘రాక్ అండ్ రోల్’ అను మాటను వ్యాప్తిలోనికి తెచ్చెను. ఆ మాటయు నల్లవారి పాటలలో అంతకుముందే వాడుకలో నున్నదే. సంగీతము మారక మునుపే పేరు మారినది. పేరుతోపాటు కొనువారును మారిరి.

1954లో మెంఫిస్ నగరమున ఎల్విస్ ప్రెస్లీ తన తొలి రికార్డునకు పాడిన పాట ఆర్థర్ క్రడప్ అను నల్లజాతి గాయకునిది. 1956లో ప్రెస్లీకి మహా ఖ్యాతి తెచ్చిన ‘హౌండ్ డాగ్’ను మూడేండ్లకు పూర్వమే బిగ్ మామా థార్న్‌టన్ పాడి ప్రసిద్ధి చేసియుండెను. ప్రెస్లీ క్రడప్ ఋణమును దాచలేదు. పలువురి యెదుట అతని పేరు చెప్పెను. కాని వ్యాపారపు లెక్కలకు కృతజ్ఞత తెలియదు. తనకు రావలసిన ప్రతిఫలమునకై పెనుగులాడి పెనుగులాడి క్రడప్ 1974లో మరణించెను.

వేరునుండి మొదటి పెద్దకొమ్మ సముద్రము దాటి ఇంగ్లాండులో చిగిర్చెను. 1962లో లండనులో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందము తన పేరునే మడ్డీ వాటర్స్ పాటనుండి గ్రహించెను. 1964 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యువకులైన బీటిల్స్ అమెరికాలో టెలివిజనుపై పాడగా 7 కోట్ల 30 లక్షలమంది చూచిరి. మరుసటి యేడు రోలింగ్ స్టోన్స్‌కు అట్టి అవకాశము రాగా, తమతోపాటు షికాగో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ కూడ పాడవలెనని కోరిరి. అమెరికా తన యింటి పాటను పొరుగువారి నోట విని గుర్తించినది.

ఆ 1965లోనే శాఖలు త్వరితముగ విడివడెను. బాబ్ డిలన్ న్యూపోర్టు జానపద సంగీతోత్సవమున ఎలెక్ట్రిక్ గిటారు పట్టగా శ్రోతలలో కొందరు కోపించిరి; ఫోక్ రాక్ మాత్రము నిలిచినది. బీటిల్స్‌లోని జార్జి హారిసన్ సితారు మీటి, మరుసటి యేట పండిత రవిశంకరుని శిష్యుడయ్యెను. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము జరిగిన మహాసభ ఈ గురుశిష్యుల స్నేహఫలమే. స్టూడియో యంత్రములు పెరిగినకొలది పాటల నిడివియు, వాద్యముల సంఖ్యయు పెరిగి, 1969 నాటికి ప్రోగ్రెసివ్ రాక్ రూపొందెను.

హెవీ మెటల్ పుట్టుక యంత్రశాలకు సంబంధించినది. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారములకు పేరుపొందిన నగరము. అచట రేకుల కర్మాగారమున పనిచేయుచున్న టోనీ అయోమి అను యువకుని రెండు వ్రేళ్ల కొనలు యంత్రమున తెగిపోయెను. అతడు ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. తేలికైన తీగలు బిగించెను. తొలి ఆల్బమునకు తరువాత వానిని వదులుచేసి శ్రుతి తగ్గించెను. అతని బృందము బ్లాక్ సబ్బాత్ బరువైన ధ్వనితో 1970 ఫిబ్రవరిలో తొలి ఆల్బము వెలువరించెను. హెవీ మెటల్ కొమ్మకు అదియే మొదలని పలువురి అభిప్రాయము.

ప్రోగ్రెసివ్ రాక్ ఆడంబరమునకు ప్రతిక్రియగ పంక్ తలయెత్తెను. న్యూయార్కు యువకులైన రమోన్స్ 1976లో వెలువరించిన తొలి ఆల్బములో 14 పాటలున్నను, మొత్తము నిడివి 29 నిమిషములు మాత్రమే. ఖరీదైన సామగ్రియు, దీర్ఘ శిక్షణయు లేనివారు కూడ పాడవచ్చునను ధైర్యమును పంక్ నిరుద్యోగ యువకులకు కలిగించెను. తరువాతి దశకమున మెటాలికా వంటి బృందములు మెటల్ బరువును పంక్ వేగముతో కలిపి థ్రాష్ మెటల్‌ను తీర్చిరి. 1991లో సియాటిల్ ప్రాంతపు నిర్వాణా బృందము ప్రసిద్ధికి తెచ్చిన గ్రంజ్ సైతము ఈ రెంటి సంతానమే.

కొమ్మ వేరును మరచినచో ఏమి జరుగునో 1976లోనే బయటపడెను. బ్లూస్ వలన కీర్తిగడించిన ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదికపై నిలిచి, వలసవచ్చినవారు ఇంగ్లాండు విడిచిపోవలెనని పలికెను. ఆ వలసవారిలో మన ఉపఖండమువారు పెక్కుమంది. ఆ మాటలకు సమాధానముగ ‘రాక్ ఎగెనెస్ట్ రేసిజమ్’ అను ఉద్యమము వెలసెను. 1978 ఏప్రిల్ 30న లండను విక్టోరియా పార్కున వేలాది యువజనుల యెదుట పంక్ బృందమైన క్లాష్, వలసకుటుంబముల యువకులతో కూడిన స్టీల్ పల్స్ ఒకే వేదికపై పాడిరి. పెక్కేండ్లకు పిమ్మట క్లాప్టన్ తన మాటలకు సిగ్గుపడుచున్నానని చెప్పెను. అమెరికాలో స్థితి మరియు విపరీతము. నల్లవారు రాక్ వాయించిన కొనువారుండరని రికార్డు సంస్థలు తలచుటచే, 1985లో న్యూయార్కున నల్లజాతి కళాకారులు ‘బ్లాక్ రాక్ కోయలిషన్’ అను సంఘము స్థాపించుకొనవలసివచ్చెను. తాత కట్టిన యింటిలోనికి మనుమడు అనుమతి యడుగవలసిన స్థితి యిది!

మన ఉపఖండమున నాటుకొన్న కొమ్మలు ఈ విషయమున కొంత వేరు. 1975లో కలకత్తాలో వెలసిన మొహినేర్ ఘోరాగులి బాఉల్ గీతముల ఋణమును, 1990లో పాకిస్తానున ఏర్పడిన జునూన్ సూఫీ కవుల ఋణమును బాహాటముగ చాటెను. అదే సంవత్సరము ఢిల్లీలో ఆరంభమైన ఇండియన్ ఓషన్ బృందము మన జానపద గీతములకు గిటారును జోడించెను. బెంగుళూరు బృందమైన ఆగమ్ త్యాగరాజస్వామి తెలుగు కృతులను రాక్ వాద్యములతో పాడినపుడు, వాగ్గేయకారుని పేరు మరుగుపడలేదు.

సిస్టర్ రొసెట్టా థార్ప్ 1973లో మరణించెను. రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున ఆమెకు స్థానము లభించినది 2018లో, అనగా 45 ఏండ్లకు. శాఖలు పెరుగుట కళకు ఆరోగ్యలక్షణమే. ప్రతి తరము తన పనిని, తన ఊరిని, తన బాధను తన స్వరముతో చెప్పుకొనక తప్పదు. కాని పాట ఎవరిదో చెప్పి పాడుట, ఆ పాటకు రావలసిన ప్రతిఫలము వారికి ముట్టచెప్పుట కొత్తదనమునకు అడ్డు కాదు. రాక్ చరిత్ర నేర్పు పాఠములలో మిక్కిలి ఆలస్యముగ అర్థమైనది ఇదియే.