చదరంగపు గళ్ల లెక్క - చేతి కాలిక్యులేటరు

చదరంగపు పలకపై 64 గళ్లు గలవు. మొదటి గడిలో 1 వడ్లగింజ, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, ఈ విధముగా గడి గడికి రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము గింజలు ఎన్ని యగును? గుణశ్రేఢి పాఠము చదివిన విద్యార్థులకు ఇది పరిచితమైన ప్రశ్నయే. 2 యొక్క 64వ ఘాతమును కనుగొని, అందుండి 1 తీసివేసినచో సమాధానము వచ్చును. కాని ఆ సంఖ్యను పూర్తిగా అంకెలలో వ్రాయుమన్నచో నేటి విద్యార్థి చేయి కాలిక్యులేటరు వైపు పోవును. యంత్రము క్షణములో 1.844674407 × 10¹⁹ అని చూపును.

ఇది సమాధానము కాదు. ఇరువది అంకెల సంఖ్యలో మొదటి పది అంకెలు మాత్రమే ఇందున్నవి. మిగిలిన పదింటిని ఆ చిన్న తెరపై చూపుటకు చోటు లేదు. ఏ యంత్రమును లేని కాలమున, సుమారు తొమ్మిది వందల ఏండ్లకు పూర్వము, గోదావరి సీమకు చెందిన ఒక తెలుగు కవి ఈ ఇరువది అంకెలను ఒక్కటియు విడువక పద్యమున కూర్చెను. ఉన్నత పాఠశాలలో కాలిక్యులేటరును ఉండనీయవలెనా, కూడదా యని ఉపాధ్యాయులు వాదించుకొనుట మనము వినుచున్నాము. ఆ వాదమునకు దిగుటకు ముందు, మన ప్రాంతమున లెక్కలకు వాడిన సాధనముల చరిత్రను ఒకసారి పరికింతము.

పావులూరి గణితము

సుమారు 850 ప్రాంతమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగున తొలి గణితగ్రంథముగా దీనిని చెప్పుదురు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరము నుండి పాలించిన రాజరాజనరేంద్రుడు పిఠాపురము చెంతనున్న నవఖండవాడను దానమిచ్చినట్లు ఈ కవి వంశచరిత్రలో వినవచ్చును. ఆ దానమును పొందినది కవియా, అదే పేరు గల ఆతని తాతయా అను విషయమున పండితులకు భేదాభిప్రాయములు గలవు.

చదరంగపు గళ్ల లెక్కకు ఉత్తరమునిచ్చు పద్యము మల్లనదిగా ప్రసిద్ధి కెక్కినది. అందు అంకెలకు బదులు పదములుండును. శశి యన్న 1, వేదములన్న 4, శరములన్న 5, గిరులన్న 7. మొదటి పదము ఒకట్ల స్థానమును, రెండవది పదుల స్థానమును తెలుపును. ఈ విధముగా కుడి నుండి ఎడమకు వ్రాయుచు పోగా వచ్చు సంఖ్య ఇది:

18446744073709551615

ఈ పద్ధతిలో ఒక సౌకర్యము గలదు. ఒక పదము జారిపోయినచో ఛందస్సు చెడును. కనుక వల్లించువాడు తప్పును వెంటనే పసిగట్టగలడు. సంఖ్యకు ఛందస్సే కాపలా యన్నమాట.

మహావీరుని గ్రంథమున హారముల వంటి గుణకారములు కొన్ని గలవు. 152207ను 73తో గుణించిన 11111111 వచ్చును. 27994681ను 441తో గుణించిన 12345654321 వచ్చును. అనగా అంకెలు 6 వరకు ఎక్కి, మరల 1 వరకు దిగును. మల్లన ఇట్టి ఉదాహరణములను మరికొన్ని చేర్చెను. రెండవ గుణకారమును పది అంకెల కాలిక్యులేటరుపై చేసి చూడుడు. 1.234565432 × 10¹⁰ అని కనిపించును. హారములోని చివరి పూస రాలిపోవును. దాని నెరిగి మరల గ్రుచ్చవలసినవాడు విద్యార్థియే. రెండు సంఖ్యలును 1తో ముగియుచున్నవి కావున లబ్ధము కూడ 1తోనే ముగియవలెనని నోటితో చెప్పవచ్చును గదా!

ఎక్కములు, వీసములు

పూర్వపు వీధిబడులలో పిల్లలు ఇసుకలో అంకెలు దిద్ది, ఎక్కములు వల్లించెడివారు. పూర్ణసంఖ్యల ఎక్కములే కాక కాలు, అర, ముప్పాతిక, వీసము మొదలగు భిన్నములును వారికి కంఠస్థములై యుండెను. వీసమనగా పదునారవ పాలు. కాణి యనగా అరువదినాల్గవ పాలు. నాలుగేసి భాగములుగా విడగొట్టు ఈ భిన్నములకు తెలుగున ప్రత్యేకమైన గుర్తులు కూడ ఉండెను.

ఇవి వ్యర్థపు బరువులు కావు. రూపాయికి 16 అణాలు. కావున వీసమన్న ఒక అణా. తూమునకు 4 కుంచములు, పుట్టికి 20 తూములు. ధాన్యము కొలుచు కళ్లములోను, వడ్డీ లెక్క చూచు అరుగు మీదను ఈ ఎక్కములే పనికి వచ్చెడివి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. 1958 నుండి మెట్రిక్ తూనికలు, కొలతలు క్రమక్రమముగా అమలులోనికి వచ్చినవి. అంతట వీసపు ఎక్కము మూలబడెను. దానివలన పిల్లల బుద్ధి తగ్గలేదు. కొలత మారినది, దానితో పాటు కంఠస్థము చేయవలసినదియు మారినది. కాని 16లో నాలుగవ వంతు 4 అను తెలివి మాత్రము నేటికిని కావలసినదే.

లాగరిథములు, స్లైడు రూలు

ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున గోదావరి ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైనది. కాలువల వాలు, నీటి ప్రవాహము, త్రవ్వవలసిన మట్టి ఘనపరిమాణము మొదలగు వానికి వర్గమూలములును, పెద్ద గుణకారములును తప్పవు. ఆ యుగపు ఇంజనీరులకు ఇందుకున్న సాధనములు రెండు. 1614లో నేపియర్ ప్రకటించి, 1624లో బ్రిగ్స్ 10 ఆధారముగా విస్తరించిన లాగరిథముల పట్టికలు మొదటివి. సుమారు 1622లో ఆట్రెడ్ కల్పించిన స్లైడు రూలు రెండవది. గుణకారమును కూడికగా మార్చుటయే రెండింటి రహస్యము.

రాజమహేంద్రవరమున 1853లో వెలసిన జిల్లా పాఠశాల 1873లో కళాశాల యైనది. 1894లో అచ్చటనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఏర్పడినది. 1946లో కాకినాడలో ఇంజనీరింగు కళాశాల వెలసినది. ఇట్టి విద్యాలయములలో తరతరముల విద్యార్థులకు నాలుగంకెల లాగరిథముల పుస్తకము చేతి యందలి ఆయుధముగా నుండెను.

ఈ రెండు సాధనములలోను గమనింపదగిన విశేషమొకటి యున్నది. స్లైడు రూలు 2, 4, 6 అను అంకెలను చూపును గాని, ఆ సంఖ్య 2.46 యో, 246 యో చెప్పదు. లాగరిథముల పట్టిక దశాంశ భాగమును మాత్రమే ఇచ్చును. పూర్ణాంక భాగమును విద్యార్థియే నిర్ణయింపవలెను. అనగా, దశాంశ బిందువును ఉంచు బాధ్యత మనుష్యునిదే. సమాధానము సుమారుగా ఎంత యుండవలెనో ముందే ఊహింపనివాడు ఆ పరికరములను వాడనే లేడు. అంచనా వేయుటను ఎవరును ప్రత్యేకముగా బోధింపలేదు. సాధనములోని లోపమే దానిని నేర్పినది.

పెట్టెలోని పట్టిక

1972లో అమెరికాలోని హ్యూలెట్-పాకర్డ్ సంస్థ హెచ్.పి. 35 అను యంత్రమును 395 డాలర్లకు విక్రయించెను. సైన్, కొసైన్, లాగరిథమ్ మీటలతో జేబులో పట్టిన మొదటి కాలిక్యులేటరు అదియే. కొలది సంవత్సరములలోనే స్లైడు రూలు అలమారలోనికి పోయినది.

యంత్రమునకు సైన్ విలువ ఎట్లు తెలియును? వేలకొలది విలువలు అందు దాచబడి యున్నవని కొందరు తలంతురు. అట్లు కాదు. 1959లో జాక్ వోల్డర్ ప్రకటించిన కార్డిక్ అను పద్ధతిని చూడుడు. ఒక గీతను తెలిసిన చిన్న చిన్న కోణములతో త్రిప్పుచు కావలసిన కోణమునకు చేర్చుట దీని సారాంశము. దశాంశ రూపమున ఈ కోణములు 45°, 5.71°, 0.573° మొదలైనవి. వీని టాంజెంట్లు వరుసగా 1, 1/10, 1/100. కనుక ప్రతి త్రిప్పుటలోను గుణకారము అక్కరలేదు. దశాంశ బిందువును జరిపి కూడుట, తీసివేయుటయే చాలును. 30° చేరుటకు 5.71° కోణమును 5 మారులు, 0.573° కోణమును 2 మారులు, ఆ తరువాతి దానిని 5 మారులు, ఇట్లు త్రిప్పుచు పోవలెను. పెట్టెలో నున్నది ఒక చిన్న ఎక్కము, విసుగెరుగని కూడికయు మాత్రమే. అందు ఇంద్రజాలము లేదు.

స్లైడు రూలునకు లేని శక్తి ఈ యంత్రమునకు వచ్చినది. దశాంశ బిందువును అదియే ఉంచును. సౌకర్యమును, అపాయమును ఇందే యున్నవి. అంచనా వేయనివాడు కూడ ఇప్పుడు సమాధానమును పొందగలడు.

తరగతి గదిలో

కాలిక్యులేటరు వాడిన పిల్లలు లెక్కలు మరచిపోవుదురా? ఈ ప్రశ్నను పలువురు పరిశీలించిరి. 1986లో హెంబ్రీ, డెసార్ట్ అనువారు 79 పరిశోధనలను జతపరచి చూచిరి. సాధారణ బోధనతో పాటు కాలిక్యులేటరు వాడినచో, నాలుగవ తరగతి తప్ప మిగిలిన తరగతులలో మూలనైపుణ్యములు చెడలేదని వారు తేల్చిరి. 2003లో ఎలింగ్టన్ 54 పరిశోధనలను పరిశీలించెను. బోధనలోను, పరీక్షలోను కూడ యంత్రమున్నపుడు నైపుణ్యములు మెరుగైనట్లు కనిపించెను. రెండింటిలోను గమనింపవలసినది ఒక్కటే: యంత్రము బోధనకు తోడుగా నున్నది, బదులుగా కాదు.

మన రాష్ట్రమున పదవ తరగతి గణిత పరీక్షకు కాలిక్యులేటరు తీసికొని పోరాదు. కాని పాలిటెక్నిక్కులోను, ఇంజనీరింగులోను అది నిత్యావసరము. కావున మన విద్యార్థులలో పెక్కుమందికి యంత్రము చేతికి వచ్చునప్పటికి దానితో మెలగుట నేర్పువారుండరు. ఫలితమును కళాశాల ప్రయోగశాలలలో ప్రతి సంవత్సరము చూచుచున్నాము. స్క్రూగేజితో తీగ వ్యాసమును 0.52 మిల్లీమీటర్లుగా కొలిచి, దాని మధ్యచ్ఛేద వైశాల్యమును 0.212371663 చదరపు మిల్లీమీటర్లని వ్రాయుదురు. కొలతలో 0.01 మిల్లీమీటరు తేడా వచ్చినచో వైశాల్యము 0.204 నుండి 0.221 వరకు మారును. నమ్మదగినది 0.21 మాత్రమే. మిగిలిన అంకెలు తీగవి కావు, యంత్రమువి.

సైన్ 30 కొట్టి చూడుడు. యంత్రము డిగ్రీలలో నున్నచో 0.5, రేడియనులలో నున్నచో -0.988, గ్రేడియనులలో నున్నచో 0.454 వచ్చును. లంబకోణ త్రిభుజమును గీసి చూచిన విద్యార్థికి, లఘుకోణపు సైన్ రుణసంఖ్య కాజాలదని తెలియును. 45° కోణపు సైన్ సుమారు 0.707, 60° కోణపుది 0.866. మూడింటిని సరిపోల్చిన వానిని యంత్రము మోసగింపలేదు.

ఈ ఎరుక పరీక్షలకే పరిమితము కాదు. డెల్టాలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తారముగా నున్నవి. ఒక ఎకరము చెరువులో 1.5 మీటర్ల లోతు నీరున్నదనుకొనుడు. ఘనమీటరు నీటికి 2 గ్రాముల చొప్పున మందు చల్లవలెను. ఎకరము 4047 చదరపు మీటర్లు. నోటి లెక్కన 4000 × 1.5 = 6000 ఘనమీటర్లు; మందు 12 కిలోలు. మీట నొక్కుటలో 1.5 బదులు 15 పడినచో యంత్రము 121 కిలోలని నిస్సంకోచముగా చూపును. అంచనా తెలిసిన పిల్లవాడు అచ్చటనే ఆగును. తెలియనివాడు బస్తాలు మోయించును.

ఇరువది అంకెలను రాబట్టుట

ఇక మల్లన సంఖ్యకు వత్తము. యంత్రమును, బీజగణితమును కలిపి ఆ సంఖ్యను రాబట్టవచ్చును. 2 యొక్క 32వ ఘాతము 4294967296. ఇది పది అంకెలే, తెరపై పట్టును. దీని వర్గమే 2 యొక్క 64వ ఘాతము. దీనిని 42949, 67296 అని రెండు ముక్కలు చేయుదము. అనగా ఈ సంఖ్య 42949 × 10⁵ + 67296. (a + b)² సూత్రమును తలచుకొనుడు. కావలసినవి మూడు లబ్ధములు:

42949 × 42949 = 1844616601
2 × 42949 × 67296 = 5780591808
67296 × 67296 = 4528751616

మూడును పది అంకెలవే. యంత్రము వీనిని తప్పు లేకుండ ఇచ్చును. మొదటి దానికి పది సున్నలు, రెండవ దానికి ఐదు సున్నలు చేర్చి, మూడింటిని కాగితముపై కూడినచో 18446744073709551616 వచ్చును. ఒకటి తీసివేసిన అది మల్లన సంఖ్య.

ఇందు ఎవరి పని ఎంత? శ్రమతో కూడిన గుణకారమును యంత్రము చేసినది. సంఖ్యను ఎచ్చట విరువవలెనో, ఏ సూత్రము పట్టునో, సున్నలెన్ని యుండవలెనో నిర్ణయించినది విద్యార్థి. ఎనిమిదవ తరగతిలో ఎందుకో తెలియక వల్లించిన (a + b)² ఇచ్చట పనిముట్టుగా మారినది. కాలిక్యులేటరు పాఠశాలలో ఉండవలసినది ఇట్టి పనికే. ఉపాధ్యాయులు వారమునకొక లెక్కను ఈ రీతిగా చేయించవచ్చును. ముందు నోటితో అంచనా వేయించి, దానిని పలకపై వ్రాయించి, పిమ్మట మీట నొక్కించి, రెండింటిని సరిపోల్చమనవలెను. తేడా ఎందుకు వచ్చినదో పిల్లలే చెప్పవలెను.

విద్యార్థులకు అభ్యాసముగా తెగిన హారమునే విడిచిపెట్టుచున్నాము. 27994681ను 27994, 681 అని విరిచి, రెండింటిని వేరువేరుగా 441తో గుణించి, కూడి చూడుడు. చివరి పూస దొరకును.