మోకాలే కొలతగా రంపపు బల్ల

వడ్రంగం అనగానే రంపం, ఉలి, బాడిస స్ఫురిస్తాయి. కొయ్యను కదలకుండా నిలిపే బల్ల తలపునకు రాదు. దాని చరిత్ర కూడా సుదీర్ఘమైనదే.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఇటలీలోని హెర్క్యులేనియం నగరం భూస్థాపితమైంది. 18వ శతాబ్దపు తవ్వకాలలో బయల్పడిన ఒక కుడ్యచిత్రంలో రెక్కలుగల బాలదేవతలు ఇద్దరు పొట్టి బల్లపై పలకను కోస్తూ కనిపిస్తారు. కాలక్రమాన చిత్రిక పట్టే బల్ల ఎత్తు పెరిగింది. పారిస్ వడ్రంగి ఆంద్రే జాకబ్ రూబో 1769లో ప్రచురణ ఆరంభించిన గ్రంథంలో అట్టి బరువైన, ఎత్తైన బల్లను చిత్రించాడు. అయితే ఆంగ్ల, అమెరికన్ వడ్రంగులు చేతిరంపపు కోతకు పొట్టి బల్లనే నిలుపుకొన్నారు.

ఇందుకు కారణం దేహంలోనే ఉంది. రంపం పైనుండి వాలుగా దిగితే భుజబలానికి శరీరభారం తోడవుతుంది. బల్ల మోకాటి చిప్పకు కాస్త దిగువన ఉంటే మోకాలే పలకను అదిమిపెడుతుంది. వేరే బిగింపు అక్కరలేదు. వెలుపలికి వాలిన కాళ్లు బల్లను తూలనీయవు. చివర కోణాకారపు గాడి ఉంటే, పలకను రెండువైపులా ఆనించి నడుమ రంపం ఆడించవచ్చు. తొలిచే వేళ అదే ఆసనం, అందని చోటికి అదే మెట్టు.

నేలపై కూర్చుని పాదంతో కొయ్యను అదిమిపట్టే భారతీయ వడ్రంగి కూడా ఈ సూత్రాన్నే పాటిస్తాడు. అక్కడ మోకాలు, ఇక్కడ పాదం. అందువల్లనే తండ్రి మోకాటికి సరిపోయిన బల్ల, అతనికంటే పొడగరియైన కొడుకుకు నడుమునొప్పినే మిగులుస్తుంది. వారసునికి సంక్రమించవలసినది బల్ల కొలత కాదు, కొలుచుకొనే పద్ధతి.