సరుకు లెక్క, మనిషి లెక్క

మా మైలవరం మెట్టన మామిడి కోతకొచ్చిందంటే గంటలు లెక్కపెట్టక తప్పదు. లారీ ఆలస్యమైతే రైతు సరుకు మగ్గిపోతుంది. కనుక రవాణాకు ప్రణాళిక అవసరమన్న విషయంలో నాకు సందేహం లేదు. అందులో ఎవరి కాలాన్ని లెక్కిస్తున్నారన్నదే ప్రశ్న.

1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యం పడవలెక్కింది; కాలువ కట్టేస్తే పడవ ఆగేది. 1893లో కృష్ణపై రైలు వంతెన వచ్చాక రైల్వే కాలపట్టిక రాజ్యమేలింది. తరువాత లారీలొచ్చాయి, కిరాయి కుదిర్చే బ్రోకరు మాటే కాలపట్టిక అయింది.

ఈ లెక్కకు శాస్త్రరూపమిచ్చినవారిలో ముఖ్యుడు లెనిన్‌గ్రాడ్ గణితవేత్త కాంటొరోవిచ్. ప్లైవుడ్ పరిశ్రమ సమస్యతో మొదలుపెట్టి, ఉన్న వనరులతోనే గరిష్ఠఫలితం సాధించే పద్ధతిని 1939లో ప్రకటించాడు. 1959లో అమెరికాలో డాంట్‌సిగ్, రామ్సర్‌లు పెట్రోలు లారీల దారులకు గణితం కట్టారు. నేటి కంప్యూటరు ఏ లారీ ఎప్పుడు ఎటు వెళ్లాలో క్షణాల్లో చెబుతుంది.

కాని గణితం దేన్ని తగ్గించమంటే దాన్నే తగ్గిస్తుంది. ఖర్చొక్కటే తగ్గించమంటే డ్రైవరు నిద్రను కోస్తుంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు సాధారణ పరిమితిగా విధించింది. అటువంటి పరిమితిని సమీకరణంలో దాటరాని హద్దుగా రాయవచ్చు. దాన్ని రాయించే పని కార్మిక సంఘాలది. ఆ లెక్కను వారికి విప్పిచెప్పే పని చదువుకున్న మనది.