చిత్తుకాగితం పుస్తకమైన కథ

1774లో జర్మనీలోని గోటింగెన్‌లో యుస్టుస్ క్లాప్రోట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అచ్చయిన కాగితం మీది సిరాను కడిగేసి, దాన్నుంచి మళ్లీ కొత్త కాగితం ఎలా తీయాలో అందులో రాశాడు. రాసి ఊరుకోలేదు, ఆ పుస్తకాన్ని అచ్చువేయించింది కూడా అలా తీసిన కాగితం మీదే. పాత కాగితాన్ని నానబెట్టి, దంచి, ఉన్నిబట్టల జిడ్డు వదిలించే బంకమట్టితో సిరాను వదలగొట్టడం ఆయన పద్ధతి. ఆ మట్టిని మనం ముల్తానీ మట్టి అంటాం. చెట్లను కాపాడాలని ఆయన ఈ పనికి పూనుకోలేదు. అప్పట్లో యూరప్‌లో కాగితానికి, చెట్లకు సంబంధమే లేదు. కాగితమంతా నారబట్టల పీలికలతోనే తయారయ్యేది. చదివేవాళ్లు పెరిగేకొద్దీ పీలికలకు కరువొచ్చింది. ఆ కరువే కొత్త దారులు వెతికించింది.

పాతికేళ్ల తర్వాత లండన్‌లో మథియాస్ కూప్స్ ఈ పని పట్టుకున్నాడు. 1800లో సిరా తొలగించే పద్ధతికి ఒక పేటెంటు, గడ్డితో కాగితం చేసే పద్ధతికి మరొకటి తీసుకున్నాడు. అదే ఏడు కాగితం చరిత్ర మీద ఒక పుస్తకం రాసి, మూడో జార్జి రాజుకు అంకితమిచ్చాడు. పుస్తకం గడ్డికాగితం మీద అచ్చయింది, చివరి పేజీలు మాత్రం కొయ్యతో చేసిన కాగితం. మరుసటి ఏడాది రెండో ముద్రణను పాత అచ్చుకాగితం నుంచి తిరిగి తీసిన కాగితం మీద వేయించాడు. గడ్డి, కొయ్య, చిత్తుకాగితం మూడూ పుస్తకానికి పనికొస్తాయని అలా చేసి చూపించాడు. ఆ ఊపులో థేమ్స్ ఒడ్డున పెద్ద మిల్లు కట్టాడు గానీ, కొద్ది ఏళ్లలోనే అప్పుల్లో కూరుకుపోయి మిల్లు మూతపడింది. పద్ధతి బాగానే ఉంది, ఖర్చుకు తగ్గ బేరమే లేకపోయింది. తర్వాత రెండు వందల ఏళ్లపాటు ఈ కథ ఇక్కడే చిక్కుకుంటూ వచ్చింది.

పీలికల కరువును చివరికి తీర్చింది కొయ్య. 1844 ప్రాంతంలో జర్మనీలోని సాక్సనీలో ఫ్రీడ్రిక్ గోట్లోబ్ కెల్లర్, తిరిగే సానరాయికి కొయ్యముక్కను ఆనించి నీళ్లు పోస్తూ అరగదీస్తే గుజ్జు వస్తుందని కనిపెట్టాడు. ఇంచుమించు అదే సమయంలో నేటి కెనడాలోని హాలిఫాక్స్‌లో చార్ల్స్ ఫెనర్టీ తన కొయ్యకాగితం నమూనాను స్థానిక పత్రికకు పంపాడు. కొన్ని దశాబ్దాల్లోనే కాగితం చవకైంది, పుస్తకం సామాన్యుడికి అందింది. ఈ మేలును తక్కువ చేయలేం. అయితే దాని వెనుక రెండు చేట్లు దాగి ఉన్నాయి. అడవి తరగడం ఒకటి, పుస్తకమే పొడి కావడం రెండోది.

ముందు బయటపడింది రెండోదే. సిరా పాకకుండా కాగితానికి పటికను, రోజిన్ అనే చెట్టుబంకను పట్టించేవారు. పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరి, లోలోపలే పోగులను కొరికేసేది. అమెరికాలోని వర్జీనియాలో పాత పత్రాలు బాగుచేసే పని చేసుకుంటూ విలియం బారో ఈ గుట్టు విప్పాడు. 1900 నుంచి 1949 వరకు వచ్చిన 500 పుస్తకాలను తీసుకుని, వాటి కాగితం ముక్కలను యంత్రంలో అటూ ఇటూ మడుస్తూ ఎన్ని మడతలకు తెగుతాయో లెక్కపెట్టాడు. వాటిలో 97 శాతం యాభై ఏళ్లకు మించి నిలవవని 1959లో తేల్చిచెప్పాడు. ఆమ్లం లేని కాగితం తయారుచేసే దారి కూడా చూపించాడు. అయినా ప్రచురణకర్తలు కదలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1989లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో రచయితలూ ప్రచురణకర్తలూ కలిసి, మంచి గట్టి అట్ట పుస్తకాల తొలి ముద్రణకు ఆమ్లం లేని కాగితమే వాడతామని సంతకాలు చేశారు. ఏ కాగితం వాడాలన్నది కొనుగోలు లెక్కగానే కాక, పాఠకుడి పట్ల బాధ్యతగా కూడా చూడాలని ఆ రోజు నలుగురి ముందు ఒప్పుకున్నారు.

ఇక అడవి సంగతి. కెనడా పడమటి తీరంలో క్లాయోక్వాట్ సౌండ్ అనే చోట వందల ఏళ్ల వృక్షాలను నరుకుతున్నారని 1993 వేసవిలో జనం దారికి అడ్డంగా కూర్చున్నారు. 800 మందికి పైగా అరెస్టయ్యారు. నరికే చోట అడ్డుపడితే నరకడం ఒక రోజు ఆగుతుంది, కొనేవాడు మారితే ఎప్పటికీ ఆగుతుందన్న ఆలోచన ఆ ఉద్యమం తర్వాత బలపడింది. 1999లో నికోల్ రైక్రాఫ్ట్ మార్కెట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ పెట్టారు. ఇప్పుడు దాని పేరు కెనోపీ. పాత అడవులను నరకకుండా చేసిన కాగితం వాడమని ప్రచురణకర్తల దగ్గరికి వెళితే, అలాంటి పుస్తకపు కాగితం మార్కెట్లో దొరకదన్నారు. మిల్లుల దగ్గరికి వెళితే అడిగేవాళ్లే లేరన్నారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ సంస్థ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టింది. ఇంత కాగితం కొంటామని ప్రచురణకర్తలు ముందుగా మాటిచ్చాకే మిల్లులు యంత్రాలను అటు తిప్పాయి.

ఈ ప్రయత్నాన్ని లోకానికి చూపించింది ఒక పిల్లల పుస్తకం. 2003 జూన్‌లో హ్యారీ పాటర్ ఐదో భాగాన్ని వాంకూవర్‌లోని రెయిన్‌కోస్ట్ బుక్స్ పూర్తిగా రీసైకిల్డ్ కాగితం మీద వేసింది. జనం వాడి పారేసిన కాగితంతోనే, క్లోరిన్ లేకుండా తయారైన కాగితం అది. తొలి ముద్రణే 9 లక్షల ప్రతులు దాటింది. రచయిత్రి జె.కె. రౌలింగ్ కెనడా పాఠకులకు ప్రత్యేకంగా ఒక సందేశం కూడా రాసింది. తర్వాతి భాగం వచ్చేసరికి, కెనడా ముద్రణనే కొనుక్కోండని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ అమెరికా పాఠకులకు పిలుపునిచ్చింది. 2007లో చివరి భాగానికి అమెరికా ప్రచురణకర్త స్కొలాస్టిక్ దిగిరాక తప్పలేదు. కోటీ 20 లక్షల ప్రతులకు కనీసం 30 శాతం రీసైకిల్డ్ గుజ్జు ఉన్న కాగితం వాడింది. మొత్తం కాగితంలో మూడింట రెండు వంతులకు బాధ్యతాయుతమైన అడవుల పెంపకానికి ఇచ్చే ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ ఉంది.

సిరా వదిలించే పని కూడా ఈలోగా చాలా మెరుగుపడింది. పాత కాగితాన్ని వేడినీళ్లలో, సబ్బులాంటి రసాయనంతో చిలుకుతారు. ఆ పలుచని గుజ్జులోకి అడుగు నుంచి గాలి వదులుతారు. సిరా రేణువులు బుడగలకు అంటుకుని నల్లటి నురగగా పైకి తేలుతాయి, పప్పు మీది తెట్టులా దాన్ని తీసేస్తారు. అయితే దీనికీ ఒక హద్దుంది. తిప్పిన ప్రతిసారీ కాగితపు పోగు పొట్టిదవుతుంది. ఐదారుసార్లయ్యాక అది కాగితాన్ని నిలబెట్టలేదు, కొత్త పోగు కలపక తప్పదు. అప్పుడు మళ్లీ కూప్స్ గడ్డి గుర్తొచ్చింది. 2008లో కెనడియన్ జియోగ్రాఫిక్ పత్రిక ఒక సంచికను గోధుమగడ్డి కలిసిన కాగితం మీద వేసింది. 2011లో మార్గరెట్ అట్‌వుడ్ వ్యాసాల పుస్తకానికి గడ్డికాగితం మీద 300 ప్రతుల ప్రత్యేక ముద్రణ వచ్చింది.

అక్కడ అది వింతే గానీ మన దేశంలో ఎప్పుడో మొదలైంది. తమిళనాడులో కరూర్ దగ్గర కాగితపురంలో టీఎన్‌పీఎల్ మిల్లు 1984 నుంచి చెరకుపిప్పితో కాగితం చేస్తోంది. చక్కెర మిల్లు బాయిలర్లో పిప్పిని కాల్చేస్తారు కాబట్టి, దానికి బదులు వేరే ఇంధనం సమకూర్చి పిప్పిని తెచ్చుకునే ఏర్పాటు చేసుకుంది. 1988 జాతీయ అటవీ విధానం, మిల్లులు తమకు కావలసిన కలపను రైతుల చేత పెంచించుకోవాలని చెప్పింది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం చేలల్లో సుబాబుల్, జామాయిల్, సరుగుడు అంతగా కనిపించడానికి ఆ మార్పూ ఒక కారణమే. ఆ కలప సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు చేరి మన నోటు పుస్తకమో, నవలో అవుతోంది. అందువల్ల మన దగ్గర ప్రశ్న అడవి ఒక్కదానితో అయిపోదు. ఆ రైతుకు గిట్టుబాటు ధర దక్కిందా, మిల్లు నీళ్లను శుద్ధిచేసి వదిలిందా అన్నవి కూడా పుస్తకం లెక్కలోకి రావాలి.

క్లాప్రోట్ నుంచి ఈనాటి వరకు చూస్తే కాగితం చేసే విద్యకు ఎన్నడూ లోటు లేదు. ఫలానా కాగితమే కావాలని అడిగేవాళ్లు లేనప్పుడల్లా పని మూలపడింది, అడిగినప్పుడు కొన్నేళ్లలోనే దారికొచ్చింది. తెలుగు పుస్తకం మొదటి పేజీల్లో ప్రతులెన్నో, వెలెంతో, ముఖచిత్రం ఎవరిదో, ఎక్కడ అచ్చయిందో అన్నీ ఉంటాయి. కాగితం ఏ మిల్లుదో, దేనితో చేసిందో మాత్రం సాధారణంగా ఉండదు. ప్రచురణకర్తలు ఆ ఒక్క వరుస కలపాలి. ప్రెస్సులో రీముల లెక్క మాట్లాడేటప్పుడు కాగితం బరువు (జీఎస్‌ఎం), తెల్లదనంతో పాటు ఆ వివరం కూడా అడగాలి. అమ్ముడుపోయే ప్రతులే వేసి, గోదాములో చెదలకు వదలకపోవడం అంతకన్నా ముందు చేయాల్సిన పని. పాఠకులు పుస్తక ప్రదర్శనలో వెల చూసినట్టే ఆ వరుస ఉందేమో చూడండి, లేకపోతే స్టాలులో అడగండి.