ఏళ్లు, నెలలు, రోజులు

1864లో షికాగోలో జాన్ ఎఫ్. ఫంక్ అనే మెన్నొనైట్ క్రైస్తవుడు ‘హెరాల్డ్ ఆఫ్ ట్రూత్’ అనే పత్రిక పెట్టాడు. అందులో మరణవార్తల పేజీ తీస్తే పసివాళ్లు చాలామంది కనిపిస్తారు. డిఫ్తీరియా, స్కార్లెట్ జ్వరం, కోరింత దగ్గు. బిడ్డ ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు బతికిందో అచ్చువేసేవారు. ఏ బోధకుడు, బైబిల్లో ఏ వచనం మీద మాట్లాడాడో కూడా రాసేవారు. డెబ్బై ఏళ్ల ముసలాయనకీ ఇదే లెక్క. కానీ పది నెలల పాప దగ్గరికొచ్చేసరికి ఆ చివరి రోజుల అంకె మీద కన్ను ఆగిపోతుంది.

మెన్నొనైట్లు మనకు మరీ పరాయివాళ్లేం కాదు. పాలమూరు వైపు ‘ఎం.బి. చర్చి’ అంటారే, అందులో ‘ఎం’ వాళ్లదే. 1889లో ఏబ్రహాం ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి నైజాం రాజ్యానికి వచ్చారు.

మెన్నొనైట్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వాసం ఏమిటో తెలిశాక, అడిగి తీసుకోవాలంటారు. పదహారో శతాబ్దపు యూరప్‌లో ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డకు పవిత్రస్థలంలో గొయ్యి కూడా దొరకని కాలమది. పసివాళ్లు క్రీస్తు కృపలోనే ఉన్నారు, వాళ్లకు వేరే భయం లేదని, ఈ శాఖకు పేరిచ్చిన మెన్నో సైమన్స్ బోధించాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇంతకన్నా ఊరట ఏముంటుంది? అయినా ఇంటి బైబిల్లో పుట్టిన తేదీ పక్కనే పోయిన తేదీ రాసి పెట్టుకునేవారు.

డిఫ్తీరియా తగ్గింది. పెన్సిల్వేనియాలో లాంకస్టర్ ప్రాంతపు పాత ఆచారాలు పాటించే మెన్నొనైట్లను మరో జబ్బు వదల్లేదు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. నాలుగైదు రోజులకు పాలు మానేస్తుంది, మెడ వెనక్కి విరుస్తుంది, స్పృహ తప్పుతుంది. మూత్రం మేపుల్ పాకం వాసన కొడుతుంది. ఆ పాకం మనకు తెలియదు గానీ మెంతులు తెలుసు. రెండింటి వాసనకూ మూలం ఒకే పదార్థం. ప్రసవానికి ముందు మెంతులు తిన్న తల్లుల బిడ్డలకు ఇదే వాసన వచ్చి డాక్టర్లు కంగారు పడిన సందర్భాలున్నాయి. 1954లో జాన్ మెంకెస్ ఈ జబ్బును మొదట వర్ణించింది ఒకే ఇంట్లో పోయిన నలుగురు పసికందుల్ని చూసే. ప్రపంచంలో సుమారు 1,85,000 కాన్పులకు ఒకటిగా వచ్చేది, ఈ మెన్నొనైట్లలో దాదాపు 380కి ఒకటి. స్విట్జర్లాండ్, జర్మనీల నుంచి వచ్చిన కొద్ది కుటుంబాల సంతతి తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే కారణం.

1989లో హోమ్స్ మార్టన్ అనే డాక్టరు, ఆయన భార్య కరోలిన్ ఇలాంటి పిల్లల కోసమే అక్కడ క్లినిక్ పెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లో, మెన్నొనైట్లకు దగ్గరి శాఖ అయిన ఆమిష్‌లలో ఒక రైతు స్థలమిచ్చాడు. పొలంలో కొట్టాలు లేపినట్టే ఆమిష్, మెన్నొనైట్ మగవాళ్లు కలిసి కట్టె దూలాలు నిలబెట్టారు. ఆడవాళ్లు కుట్టిన బొంతల్ని వేలం వేసి ఏటా డబ్బు పోగుచేశారు. రక్తపరీక్ష ఫలితం అదే రోజు చేతికొచ్చేది. పుట్టిన మొదటి రోజుల్లోనే ప్రత్యేకమైన పాలు పట్టడం మొదలైంది. ఆ క్లినిక్ బయట, కార్లు నిలిపే చోటు పక్కనే, బగ్గీ గుర్రాలు కట్టేయడానికి కొయ్యలుండేవి.