మదరాసు సభలో మన తెలుగు

మలేషియాలో పుట్టిన తెలుగువారికి చెన్నై నగరమంటే సాధారణంగా పట్టుచీరలు, గుళ్ళు, మెరీనా తీరం. బంటింగ్ వాసినైన నేను మాత్రం ఒక డిసెంబరు నెలలో అక్కడి మ్యూజిక్ అకాడమీని చూడాలనే వెళ్ళాను. మన భాష చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఆ భవనంలో ఇంకా నడుస్తోందని అక్కడ కూర్చున్నాక తెలిసింది.

1927 డిసెంబరులో మదరాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటే అఖిల భారత సంగీత సదస్సు కూడా జరిగింది. దాని ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఒకప్పటి మౌబ్రేస్ రోడ్డు, నేటి టీటీకే రోడ్డులో ఉన్న భవనానికి 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేయగా, 1962లో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయారు ప్రారంభించారు. ఏటా డిసెంబరులో ఇక్కడ ఉదయం సంగీతశాస్త్ర ప్రసంగాలు, తర్వాత రాత్రి వరకూ కచేరీలు జరుగుతాయి.

సంగీత కళానిధి బిరుదు పొందినవారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు (1941), మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1978), శ్రీపాద పినాకపాణి (1983), నేదునూరి కృష్ణమూర్తి (1991) గార్ల పేర్లు చదువుకుంటే మనసు పొంగింది. ద్వారం వారు విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులు. మలయా తోటలకు వచ్చిన మన పెద్దల్లో చాలామంది ఆ ఉత్తరాంధ్ర ప్రాంతం వారే. ఆయనకు ఆ గౌరవం దక్కిన 1941 డిసెంబరులోనే జపాను సేనలు మలయాలో దిగాయి.

ఆ సాయంత్రం కచేరీలో సగానికి పైగా పాటలు తెలుగువే. నా పక్కన కూర్చున్న తమిళ పెద్దావిడ ఒళ్ళో ఒక కీర్తనల పుస్తకం ఉంది. సాహిత్యం తెలుగు, లిపి తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం కనుక, తేడా తెలియడానికి అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు వేసి ఉన్నాయి. మా అమ్మ భజన పాటల పుస్తకం గుర్తుకొచ్చింది. అందులోనూ తెలుగు పాటలు తమిళ అక్షరాల్లోనే ఉండేవి. అంకెలు మాత్రం ఉండేవి కావు. అందుకే మా ఇంట్లో గంధం కాస్తా కందం అయ్యేది.

తంజావూరును ఏలిన నాయక రాజులు, వారి తర్వాత మరాఠా రాజులు తెలుగును ఆదరించారు. ఆ గడ్డ మీదే త్యాగరాజస్వామి (1767–1847) ఇంటి భాషలో రాముడితో మాట్లాడుకున్నారు. ఆ పాటలను మనదాకా మోసుకొచ్చిన వారిలో ఎందరికో తెలుగు మాతృభాష కాదు. కీర్తనలను శ్రద్ధగా రాసిపెట్టిన శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర భాషీయుడు. తిరువయ్యారులో స్వామి సమాధికి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారు కన్నడ దేశం నుంచి వచ్చినవారు. శిష్యపరంపరలో తమిళులు ఎందరో.

అయితే మదరాసులోనే 1943లో తమిళ ఇసై సంఘం వెలసింది. తమకు అర్థమయ్యే భాషలో కూడా పాడమని తమిళులు అడిగారు. మనలో కొందరు దాన్ని తెలుగు మీద ద్వేషంగా చెప్పుకుంటారు. నాకలా తోచదు. విన్న మాట అర్థం కావాలని ఎవరు కోరుకోరు? మలయా తోటల్లో పిల్లలకు తెలుగు బడి కావాలని మన తాతలు అడిగింది కూడా అదే కదా!

1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపివేసింది. ఊరి నుంచి కొత్త మనుషుల రాక తగ్గిపోయింది. తోటల్లోని తెలుగు బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మన పిల్లలు తమిళ బడుల్లో, మలయు బడుల్లో చదువుకున్నారు. ఫలితంగా ఇంటిపేరు నిలిచింది గాని, ఎన్నో ఇళ్ళలో ఇంటి భాష పోయింది.

అకాడమీలో నాకు గర్వంతోపాటు ఒక బెంగ కూడా కలిగింది. ఆ పెద్దావిడకు తెలుగు రాకపోయినా ఒక్క ఒత్తు పోకూడదని అంకెలు చూసుకుంటూ పాట విన్నది. త్యాగయ్య మనవాడని చెప్పుకునే మనం ఆ పాటి శ్రద్ధ చూపుతున్నామా? పాట బతికినంత మాత్రాన భాష బతికినట్టు కాదు. అకాడమీ పాటను కాపాడుతుంది. వంటింట్లో, పెరట్లో వాడే మాటను ఏ అకాడమీ కాపాడలేదు.

ఈ సభలకు వచ్చిన తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ పిల్లలు వేదిక మీద కీర్తన పాడితే సంతోషించండి. ఇంటికి వెళ్ళాక ఆ కీర్తనలోని ప్రతి మాటకూ అర్థం చెప్పి, దాన్ని తెలుగు అక్షరాల్లో ఒకసారి రాయించండి. మా అమ్మ పుస్తకంలోని పాటలను నా మనవరాలి చేత ఇప్పుడు అలాగే రాయిస్తున్నాను.